ఐదో పొర

నేను ఒక నీలం గళ్ల లుంగీని. బతుకు మొదలుపెట్టినప్పుడు నా దగ్గరున్న సరుకంతా ఇంతే: రెండు మీటర్ల నూలు, ఒంటినిండా గంజి, మూలన అంటించిన మెరుపు కాగితం. బట్టల దుకాణం అరలో పది నెలలు కూర్చుని నేర్చుకున్న వ్యాపారం కూడా ఒక్కటే. కొత్తదానికే గిరాకీ, పాతదాన్ని ఎవరూ ముట్టరు. ఆ లెక్క ఒక మధ్యాహ్నం తలకిందులైంది. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

నన్ను కొన్నది సైకిళ్లకు పంక్చర్లు వేసే ఓదెలు. ఆరేళ్లు కట్టాడు. మొదటి ఉతుకులోనే గంజి పోయింది, పొడవూ తగ్గింది. బదులుగా గ్రీజు మరకలు, మెత్తదనం వచ్చాయి. బేరం నష్టమేనని అనుకున్నాను.

ఆయన బిడ్డ మంజులకు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో మంచాలు లేవు, నేలమీదే పడక. కొత్త చోట నిద్ర పట్టదేమోనన్న బెంగతో ఆ పిల్లకు సొంతింట్లోనే మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు, ఆమెను చూసి తల్లిదండ్రులకూ లేదు. ప్రయాణం ఎల్లుండే. తల్లి కనకవ్వ బొంతలు కుట్టే బుచ్చవ్వను పిలిపించింది.

బుచ్చవ్వ వసారా ఊడ్చి పాత చీర పరిచింది. దానిమీద దుప్పటి, పంచె, అన్నిటికీ పైన ఇంకో చీర. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో ముడతలు తోసింది. చివరికి ఒక మోకాలు ఆనించి బరువంతా వేసింది.

"నేల ఒత్తుతంది కనకవ్వా. ఇంకో పొర పడాలె."

ఇంట్లో పాతవన్నీ అయిపోయాయి. ఓదెలు లోపలికెళ్లి పెట్టెలో దాచుకున్న కొత్త లుంగీ తెచ్చాడు.

"ఇగో, ఇది ఎయ్యి."

"కొత్తదెట్ల ఏస్తరయ్యా! రేపు ఉతికితే ఇదొక్కటి గుంజుకపోతది, బొంతంత ముడుసుకుంటది. నీ బిడ్డ పండుకోవాల్నా, మూట కట్టుకోవాల్నా?" అని బుచ్చవ్వ నావైపు చూసింది. "నీ నడుముకున్నది ఇయ్యి. అది గుంజుకునేదంత ఎప్పుడో గుంజుకుంది."

"ఇదా! గ్రీజు మరకలు చూసి హాస్టల్ల పిల్లలు నవ్వరా?"

"నడుమ ఏస్త. ఎవలకు కనవడది."

ఓదెలు ముడి మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. కనకవ్వ కసిరింది. "లోపలికి వోయి మార్చుకో. వాకిట్లనే ఇప్పుతవా ఏంది!"

ఉతికి ఆరేశారు. ఎండకు గంటలో ఆరాను. అప్పుడు బుచ్చవ్వ నా పక్క కుట్టు విప్పింది. ఆరేళ్లు గుండ్రంగా బతికినవాణ్ణి, ఉన్నట్టుండి నాకొక మొదలూ ఒక చివరా వచ్చాయి. పై చీర ఎత్తి నన్ను పరిచి మళ్లీ కప్పేసింది. కింద పంచె, మీద చీర. నేను ఎక్కడ ఆగానో, అవి ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ఎవరికీ కనబడని సరుకుకు విలువేమిటో అసలే తెలియలేదు.

బుచ్చవ్వ మళ్లీ మోకాలు ఆనించింది. "ఇగ సరిపోయింది. బిడ్డా, పండుకొని చూడు."

మంజుల వచ్చి పక్కకు తిరిగి పడుకుంది. "మెత్తగున్నది" అంది. బుచ్చవ్వ సూదిలో దారం ఎక్కించి చూసేసరికి పిల్ల నిద్రపోయింది.

కనకవ్వ లేపబోయింది. ఓదెలు నడుముకు కట్టుకున్న కొత్త లుంగీని గరగరలాడకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని గబగబా వచ్చాడు.

"లేపకే!"

"పండనియ్యి" అంది బుచ్చవ్వ, సూదిని పైటకు గుచ్చుకుంటూ. "కుట్టుడు యాడికి వోతది."

అలా నలుగురం పని ఆపి కూర్చున్నాం. పోయినవి నాకు బాగా తెలుసు: గంజి, పక్క కుట్టు, ఓదెలు నడుము, ఇకమీదట ఎండ. వచ్చింది మటుకు ఒక్కటే, మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ దొరకనిది. అది నామీదే పడుకుని, మెల్లగా గురక పెడుతోంది.