తెల్లారేసరికి కొత్తదే

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న ఆ శిక్షణ సంస్థకు ఒక అలవాటు ఉండేది. విద్యార్థులు పగలంతా కంప్యూటర్లను ఎంత పాడుచేసినా సరే, మరునాడు మొదటి బ్యాచి మెట్లెక్కేలోగా ప్రతి యంత్రాన్నీ తుడిచేసి, భద్రపరచిన మూలప్రతి నుంచి, యంత్రాన్ని నడిపే వ్యవస్థ అయిన లినక్స్‌ను మళ్ళీ ఎక్కించేవారు. ఆ పని ప్రమోదది. సిరిసిల్లలో మగ్గం వదిలి యూసుఫ్‌గూడలో కుట్టుమిషను పెట్టుకున్న అంబదాస్ కూతురామె. ఫీజు కట్టే స్తోమత లేక, ల్యాబు ఊడ్చి తుడిచే పనికి బదులుగా పాఠం విన్నది.

పాఠం చెప్పేది కామరాజు గారు. భీమవరం మనిషి, మైకు అక్కర్లేని గొంతు. ప్యాకేజీల పాఠం వచ్చిన రోజున క్లాసులో ఎప్పుడూ ఒకటే గొడవ. కొత్త ప్రోగ్రామును ఎక్కించబోతే, ఎన్నో ప్రోగ్రాములు పంచుకునే ఫలానా లైబ్రరీ తనకు ఆధారంగా ఉండాలని, ఉన్నది పాతదని యంత్రం మొరాయిస్తుంది. ఆ లైబ్రరీ మీద ఇంకా ఏమేమి ఆధారపడి ఉన్నాయో నిదానంగా చూసుకొని ముందుకు వెళ్ళడమే అసలైన విద్య. ఆ నిదానానికి కామరాజు గారి క్లాసులో చోటు లేదు.

"ఏంటయ్యా, గుడ్లప్పగించి చూస్తారు? ఆధారాలు చూడొద్దని చెప్పండి దానికి. ఫోర్స్ కొట్టండి! రూట్‌గా కూర్చున్నారు కదా, రూట్ అంటే రాజు. రాజు మాట కాదంటుందా?"

"మొత్తం పోతే ఎలా సార్?" అని వెనక బెంచీ నుంచి తారక్ అనే కుర్రవాడు అడిగాడు.

"పోతే పోనీవయ్యా, నీ బాబు సొమ్మా? తెల్లారేసరికి కొత్తదే. మన ప్రమోదమ్మ ఉంది కదా!"

క్లాసంతా నవ్వింది. ప్రమోద కూడా నవ్వింది. తాను తుడిచిపెడుతున్నది యంత్రాలలోని తప్పులను మాత్రమే కాదని, తప్పు చేసినవాళ్ళ భయాన్ని కూడానని ఆ రోజు ఆమెకు తోచలేదు.

కొంతకాలానికి ఆమెకు పంజగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రక్తనిధిలో కంప్యూటరు చూసుకునే ఉద్యోగం దొరికింది. దాతలిచ్చిన రక్తం సంచులు అక్కడి ఫ్రిజ్‌లలో ఉంటాయి. ప్రతి సంచికీ పరీక్షలు జరుగుతాయి. రోగక్రిమి కనిపించిన సంచికి కంప్యూటరులో ఎర్రగీత పడుతుంది. పారవేసేదాకా ఫ్రిజ్‌లోనే ఉన్నా, గీత పడిన సంచిని ఎవరికీ ఎక్కించరాదు. ఆ గీతను చెరగకుండా చూడడమే తన ఉద్యోగమని ప్రమోద అర్థం చేసుకున్నది. యంత్రాన్ని వాడే ప్రతి ఒక్కరికీ వేరు వేరు పేర్లు, వేరు వేరు తాళాలు పెడతానని ఆసుపత్రి పరిపాలనాధికారి రామ్మోహనరావును అడిగింది కూడా.

"ఉన్నది ఇద్దరు మనుషులమ్మా! ఇద్దరికీ ఎన్ని తాళాలు?" అని ఆయన నవ్వేశాడు. అందరూ రూట్ పేరుతోనే లోపలికి వెళ్ళేవారు. సంకేతపదం గోడకు అంటించి ఉండేది.

రెండో మనిషి తారక్. అమీర్‌పేటలో మూడేళ్ళ అనుభవపత్రం కొనుక్కొని వచ్చి, నేరుగా ఆమెకు పైవాడయ్యాడు.

సోమవారం తనిఖీ అధికారులు వస్తున్నారు. వాళ్ళ కంటికి ఇంపుగా సంచులన్నిటికీ కొత్త లేబుళ్ళు వేయాలని రామ్మోహనరావు కొత్త ప్రింటరు తెప్పించాడు. శనివారం మధ్యాహ్నం దాని ప్యాకేజీని ఎక్కించబోతే యంత్రం మొరాయించింది: లైబ్రరీ పాతది.

"తారక్ అన్నా, జర ఆగు," అన్నది ప్రమోద. "మన బ్లడ్ ప్రోగ్రాం ఆ పాత లైబ్రరీ మీదనే నడుస్తున్నది. దాన్ని మారిస్తే ఇది ఏమైతదో ఎర్క లేదు. పక్క మిషన్ల ఎక్కిచ్చి చూసి, గప్పుడు దీంట్ల ఎక్కిద్దాం."

"ఎంతసేపు పడుతుంది?"

"సోమారం దాంక పట్టొచ్చు."

"సోమవారం వాళ్ళు వచ్చి కూర్చుంటే అప్పుడు ఎక్కిస్తావా? ఏంటి ప్రమోదా, పాఠం మర్చిపోయావా?" కామరాజు గారి గొంతును అనుకరిస్తూ అన్నాడు తారక్: "రాజు మాట కాదంటుందా?"

"గది ల్యాబు అన్నా. ఇది దవాఖాన."

రామ్మోహనరావు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "చూడమ్మా, సీనియరు చెబుతుంటే వినాలి. నీ డ్యూటీ అయిపోయింది కదా, ఇంటికి బయలుదేరు," అన్నాడు.

ఆమె బ్యాగు తీసుకునేలోగా తారక్ ఫోర్స్ కొట్టేశాడు. గుమ్మం దాటుతుండగా వెనక నుంచి ప్రింటరు చప్పుడూ, చప్పట్లూ వినిపించాయి.

మగ్గం మీద పడుగులో ఒక్క పోగు తెగినా నేతగాడి చేతికి తెలుస్తుంది. ఇక్కడ తెగిన పోగు ఎవరి చేతికీ తగలలేదు. ప్రోగ్రాము ఆగిపోయి ఉంటే ఎవరో ఒకరు కేక వేసేవారు. అది ఆగలేదు. చక్కగా నడుస్తూనే, పరీక్షాఫలితం ఉండవలసిన చోటును ఖాళీగా చూపించింది. ఎర్రగీతలన్నీ మాయమయ్యాయి. పారవేయవలసిన సంచులకు సైతం మంచి సంచులతో సమానంగా తెల్లని కొత్త లేబుళ్ళు పడ్డాయి.

సోమవారం ఉదయం యంత్రం ముందు కూర్చోగానే ప్రమోద కళ్ళు ఎర్రగీతల కోసం వెతికాయి. ఒక్కటీ లేదు. డబ్బాలోంచి పాత సీడీ తీసి, పాత లైబ్రరీని తిరిగి ఎక్కించింది. గీతలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. గీత పడిన సంచులను ఫ్రిజ్‌లో వెతికితే ఒకటి కనిపించలేదు. కాలేయాన్ని తినే కామెర్ల క్రిమి ఉన్న సంచి అది. రిజిస్టరు చూస్తే, ఆదివారం స్త్రీల వార్డులో, గర్భసంచి ఆపరేషను చేయించుకున్న మణెమ్మ అనే ఆమెకు ఎక్కించారు.

ప్రమోద చెప్పింది విని రక్తనిధి డాక్టరు అరుణాదేవి మణెమ్మ కేసుకాగితం తీసి చూసింది. "రక్షణకు ఇంజెక్షను ఉంది. తప్పక పనిచేస్తుందని చెప్పలేను. కానీ గంట గడిచేకొద్దీ ఆ కాస్త ఆశ కూడా తగ్గిపోతుంది," అన్నది.

ప్రమోద, అరుణాదేవి, తారక్ ముగ్గురూ రామ్మోహనరావు గదిలో నిలబడ్డారు. బయట తనిఖీ వాళ్ళ కారు ఆగిన చప్పుడైంది.

"మిషన్ బాగైపోయింది సార్," అన్నాడు తారక్. "శనివారానికి ముందు ఎలా ఉందో ఇప్పుడు అలాగే ఉంది. ఏమీ జరగనట్టే లెక్క."

"అదీ మాట!" అన్నాడు రామ్మోహనరావు. "వాళ్ళు రేపు సాయంత్రం వెళ్ళిపోతారు. ఆ తర్వాత నెమ్మదిగా చూద్దాం. క్రిమి అందరికీ అంటుకోవాలని రాసి ఉందా ఏమిటి?"

"సార్, మిషన్ బాగైంది. మణెమ్మ కాలే," అన్నది ప్రమోద.

"డాక్టరు గారే ఊరుకున్నారు. నీకెందుకమ్మా అంత ఉబలాటం?"

ప్రమోద అరుణాదేవి వైపు చూసింది. పది మందికి ప్రాణం పోయగల చదువు చదివిన ఆ తల్లి నేలకేసి చూస్తూ ఉండిపోయింది. ఈ లోకంలో అన్యాయాలలో సగం చేసేవాళ్ళ వల్ల జరిగితే, తక్కిన సగం ఇలా నేలకేసి చూసేవాళ్ళ వల్లనే జరుగుతాయి.

ప్రమోద మెట్లెక్కి వార్డుకు వెళ్ళింది. మణెమ్మ దిండుకు ఆనుకొని జావ తాగుతున్నది. పక్కన స్టూలు మీద ఆమె భర్త రాజనర్సయ్య. సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. నూనె మరకల గోళ్ళతో బత్తాయి వొలుస్తున్నాడు.

"మీకు ఒక మాట చెప్పాలె," అన్నది ప్రమోద. చెప్పింది. ఏ సంచి, ఏ క్రిమి, ఏ ఇంజెక్షను, ఎవరు చేశారు, ఎందుకు దాస్తున్నారు, అంతా చెప్పింది.

రాజనర్సయ్య చేతిలోని తొన కింద పడింది. "గింత పెద్ద దవాఖానల గిట్లెట్లయితది బిడ్డా? మిషన్ ఉంటది గదా!"

"మిషన్‌నే నమ్మిన్రు అన్నా. జల్ది కిందికి పో. గట్టిగ అడుగు. నా పేరు చెప్పు."

అతడు తనిఖీ అధికారుల ఎదుటికే వెళ్ళి అరిచాడు. మధ్యాహ్నానికి ఇంజెక్షను వచ్చింది. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వచ్చింది: కంప్యూటరును అజాగ్రత్తగా నిర్వహించినందుకు ప్రమోదను తొలగించడమైనది.

రాజనర్సయ్య వినియోగదారుల ఫోరంలో కేసు వేశాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చింది ప్రమోద ఒక్కతే. అరుణాదేవి సెలవు పెట్టింది. తారక్ అప్పటికే, ఆసుపత్రి ఇచ్చిన అసలైన అనుభవపత్రంతో, హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో చేరిపోయాడు.

"శనివారం ఆ మార్పు చేసినవారి పేరు కంప్యూటరులో రూట్ అని ఉంది. అవునా?" అడిగాడు ఆసుపత్రి వకీలు.

"అవును సార్."

"మీరు రూట్ పేరుతో లోపలికి వెళ్ళేవారా?"

"అందరం గట్లనే పోతుంటిమి సార్. వేరే వేరే పేర్లు పెడ్తనంటె ఒద్దన్నరు."

"నేను అడిగిందానికి మాత్రమే చెప్పండి. వెళ్ళేవారా, లేదా?"

"పోతుంటి."

"అంతే," అని వకీలు కూర్చున్నాడు. కేసు వాయిదా పడింది. ఆ తరువాత కూడా వాయిదాలు పడుతూనే ఉన్నది.

వర్షాలు తగ్గాక మణెమ్మ రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఇంజెక్షను పనిచేయలేదు. ప్రమోద సనత్‌నగర్‌లో వాళ్ళ గదికి వెళ్ళింది. మణెమ్మే ఆమె చేయి పట్టుకున్నది.

"నువ్వు చెప్పకుంటె నాకు ఎర్కనే కాకపోవు బిడ్డా. ఎర్కైంది గనక మా ఆయినకు, పిల్లలకు టీకాలు ఏపిచ్చిన. ఆళ్ళ దాంక రాదట. గంతే చాలు." అని, పట్టుకున్న చేయి వదిలి, "చాలు అని ఎందుకంటున్ననే! నాకేం చాలింది?" అని ముఖం గోడకు తిప్పుకున్నది.

తొలగింపు కాగితం వెంట ఉన్న మనిషికి పంజగుట్టలో ఎవరూ పని ఇవ్వలేదు. పత్రం అడగని చోటు ఒక్కటే మిగిలింది. ప్రమోద మళ్ళీ మైత్రీవనం వెనక సందులోని మెట్లెక్కింది. కామరాజు గారు జాలిపడి పాత పనే ఇచ్చారు. ప్యాకేజీల పాఠం వచ్చింది. అదే గొంతు, అదే రాజు, అదే నవ్వు. ఈసారి ప్రమోద నవ్వలేదు.

మరునాడు మొదటి బ్యాచి వచ్చేసరికి ల్యాబులో సగం తెరలు నల్లగా ఉన్నాయి.

"ఏంటి ప్రమోదమ్మా, నిన్న పోయిన మిషన్లు ఇంకా అలాగే ఉన్నాయి?" అన్నారు కామరాజు గారు.

"ఉంటయ్ సార్. నేను ఎక్కియ్యలే."

"ఎందుకని?"

"ఇరగ్గొట్టినోళ్ళే బాగు చేస్తరు."

"ఫీజు కట్టినవాళ్ళు ఊరుకుంటారా? రేపు ఈ కుర్చీలో నువ్వు ఉండవు, ఆలోచించుకో."

"ఇయ్యాల ఉన్న గదా సార్," అన్నది ప్రమోద.

కిటికీ పక్కన రాగసుధ అనే కొత్త విద్యార్థిని నల్లని తెర ముందు బిక్కమొహంతో కూర్చొని ఉన్నది. ప్రమోద కుర్చీ లాక్కొని ఆమె పక్కన కూర్చున్నది. కీబోర్డును మాత్రం ముట్టలేదు.

"నిన్న ఏం కొట్టినవ్?"

"ఫోర్స్ కొట్టాను మేడం."

"మిషన్ వద్దన్నదా?"

"అన్నది."

"ఎందుకు వద్దన్నది?"

రాగసుధ తల దించుకున్నది. "చదవలేదు మేడం."

"తల దించకు," అన్నది ప్రమోద, చేతులు ఒడిలో పెట్టుకొని. "డబ్బాల ఉన్న మూలప్రతి సీడీ పెట్టి పాతది ఎక్కియ్. ఎక్కినంక నిన్నటి ప్రోగ్రాం పెట్టు, మళ్ళ అది వద్దంటది. అన్నప్పుడు, ఒక్కొక్క మాట, గట్టిగ చదువు. నేను వింట."