ఎనిమిదిన్నర మ్యాచ్

పన్నెండు జెర్సీలు. అర్చన వాటిని టబ్బులో నానబెట్టి, ఒక్కొక్కదానికి చంకల దగ్గర సబ్బు రుద్ది, నంబర్ల వరుసలో దండెం మీద ఆరేసింది. కాలేజీ జెర్సీలు కోచ్ గారి ఇంట్లో ఎందుకు ఉతకాలని అవి ఇంటికి రావడం మొదలైన ఐదేళ్లలో ఒక్కసారే అడిగింది. కోచ్ గారు, అంటే ఆమె మొగుడు మహిపాల్, తెగ ఆశ్చర్యపోయాడు. "ఇంట్ల వాషింగ్ మిషన్ ఉన్నది గదా," అన్నాడు. మిషన్లో వేస్తే నంబర్లు ఊడొస్తాయని మర్నాడు తనే అన్నాడు. అప్పటి నుంచి చేత్తోనే.

"షెడ్యూలు రాసినవా?" లోపలి నుంచి కేక. "నీ రైటింగ్ ముత్యాల లెక్క ఉంటది. పోయినేడు లెక్కనే రాయి, తారీఖు ఒక్కటి మార్చు. సంతకం నేను పెడ్త."

సంతకం ఆయన పెడతాడు! ఎంత కష్టం పాపం.

మహిపాల్ వనపర్తిలో ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు, బాస్కెట్‌బాల్ కోచ్ కూడా. కబడ్డీ ఆడి ఉద్యోగం సంపాదించిన మనిషి. బాస్కెట్‌బాల్ గురించి ఆయనకు కచ్చితంగా తెలిసినవి రెండే: బుట్ట పదడుగుల ఎత్తులో ఉంటుంది, విజిల్ తన మెడలో ఉండాలి. అర్చనది బల్మూర్. మూడేళ్లు యూనివర్సిటీ టీముకు ఆడింది. పెళ్లయి వచ్చిన వారానికే ఆమె బూట్లు అత్త నాగేంద్రమ్మ కంటపడ్డాయి. "పెండ్లయిన ఆడిది బంతి ఎంబడి ఉరుకుడేందే? నలుగురు చూస్తే నవ్విపోరా?" అని వాటిని పాత సామాన్లవాడికి వేసి, బదులుగా ప్లాస్టిక్ టబ్బు తీసుకుంది. జెర్సీలు నానేది ఆ టబ్బులోనే. ఆకుపచ్చ రంగుది. గట్టి సరుకు, పదేళ్లయినా పగల్లేదు.

టబ్బు సంగతి అలా ఉంచితే, ఆట మాత్రం ఆమెను వదల్లేదు. మ్యాచ్ రోజుల్లో గ్లూకోజ్ నీళ్ల జగ్గుతో గ్రౌండుకు వెళ్తుంది. టైమ్‌అవుట్ కాగానే ముందు మహిపాల్‌కు గ్లాసు అందిస్తుంది. అందిస్తూ వంగి, "ఏడో నంబరు అలిసిపోయింది, తీయుండ్రి. వర్షకు బంతి ఇయ్యుండ్రి," అని చెవిలో చెబుతుంది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "ఏడో నంబర్ బయటికి! వర్షా, బంతి నువ్వు తీస్కో!" అని అరుస్తాడు. గెలిచాక ఇంటికొచ్చి, "చూసినవా నా దిమాగు?" అని ఆమెకే చెబుతాడు. ఒకసారి నవ్వుతూ, "నేను చెప్పిందే గదా," అంది. "నాకు తెల్వంది నీకేం తెలుస్తది? నీళ్లిచ్చేదానివి నీళ్లియ్యి," అన్నాడు. అన్నం కలుపుతూ, తలెత్తకుండా అన్నాడు. అలవాటైన మాటకు మొహం చూడనక్కర్లేదు మరి.

ఆయనకు సొంత తెలివి లేకపోలేదు. అదంతా షెడ్యూల్లో ఉంది. ఏటా వీళ్ల కాలేజీలో జరిగే టోర్నమెంటులో నాలుగు కాలేజీలు ఆడతాయి: వీళ్లది, గద్వాలది, నాగర్‌కర్నూల్‌ది, నల్లమల వైపు నుంచి ఒకటి. ఆ నల్లమల పిల్లలు మన్ననూర్ దగ్గర మొదటి బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, వనపర్తిలో దిగేసరికి పదిన్నర. మహిపాల్ వాళ్ల మ్యాచ్‌ను ఎనిమిదిన్నరకు, తన టీముతోనే పెడతాడు. పావుగంట చూసి, ఎదుటి టీము రాలేదని వాకోవర్. ఒక గెలుపు. తర్వాత గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలు ఎండలో కొట్టుకుని, గెలిచినవాళ్లు అలిసిపోయి ఫైనల్‌కు వస్తారు. వీళ్ల పిల్లలేమో నీడలో కూర్చుని ఉంటారు. రెండో గెలుపు. ఐదేళ్లు, పది గెలుపులు, ఓటమి లేదు. ఓటమెరుగని కోచ్ అని కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కూడా కట్టారు, నల్ల కళ్లద్దాల ఫొటోతో. సిగ్గులేనితనానికి ఫ్లెక్సీ కడితే ఆ సైజే ఉంటుంది.

"వాళ్లు పదిన్నరకు గాని దిగరు గదా," అని మొదటి ఏడు అంది అర్చన. "పొద్దుగాల్ల లేవనోళ్లు ఆటేం ఆడ్తరు?" అన్నాడు. నాలుగింటికి లేచి బయల్దేరిన పిల్లలను ఆ మాట అన్నది ఏడున్నరకు మంచం దిగే మనిషి.

పోయినేడు ఆ పిల్లలు వచ్చేసరికి మామూలుగానే ఆట అయిపోయింది. అర్చన పులిహోర పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, "అక్కా, గీ బంతి జర ఇస్తవా? బస్సు ఒంటిగంటకు," అని అడిగింది వాళ్ల కెప్టెన్ రజిత. పక్కనున్న పాత కోర్టులో, చెప్పుల్లేకుండా, అరగంట ఆడుకున్నారు. దూరం నుంచి ఆ పిల్ల వేసిన బంతి బుట్ట అంచును తాకకుండా దిగింది. మళ్లీ వేసింది, మళ్లీ దిగింది. అర్చన తన చెయ్యి వంక చూసుకుంది. వీళ్లను ఆడనివ్వని కాగితం రాసింది ఈ చెయ్యే. ముత్యాల చెయ్యి! వర్ష వచ్చి పక్కన నిలబడి, "ఆడకుంటనే గెలుస్తున్నం అక్కా. మాకు ఆట వస్తదో రాదో మాకే తెల్వదు," అంది. ఆ మాట ఏడాదంతా ఆమెను వదల్లేదు.

ఈ ఏడు పందెం పెద్దది. యూనివర్సిటీ మహిళల టీముకు కోచ్‌ను ఎంపిక చేసే బాలమణి మేడం ఈ టోర్నమెంటు చూడటానికి వస్తోంది. మహిపాల్ ఇప్పటికే కొత్త ట్రాక్‌సూట్ కుట్టించుకున్నాడు. అర్చన టేబుల్ ముందు కూర్చుని, కాగితం మీద గీతలు గీసి, ఎనిమిదిన్నర దగ్గర కాసేపు పెన్ను ఆపింది. తర్వాత రాసింది: ఎనిమిదిన్నరకు గద్వాల, నాగర్‌కర్నూల్. పదకొండున్నరకు మనది, నల్లమల కాలేజీది. మహిపాల్ టీ తాగుతూ సంతకం పెట్టాడు. చదవలేదు. ఆమె రాసింది ఆయన ఎన్నడూ చదవడు. ఆ ధీమాతోనే రాసింది.

మ్యాచ్ రోజు పొద్దున బాలమణి మేడం చేతిలో ఆ కాగితమే ఉంది. "షెడ్యూలు ఎవరు వేసిండ్రు? దూరం పిల్లల బస్సు టైము చూసుకొని పెట్టిండ్రు. గింత ఆలోచించేటోళ్లను నేను తక్కువ చూసిన," అంది.

"నేనే మేడం," మహిపాల్ ఛాతీ విరిచాడు. "ప్రతి ఏడు నేనే కూసొని రాస్త. ఎవరిని ముట్టనియ్య."

ఆ తర్వాత కాగితం చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. అర్చన వైపు చూశాడు. ఆమె నిమ్మకాయలు కోస్తోంది.

పదిన్నరకు నల్లమల పిల్లలు దిగారు. పదకొండున్నరకు మొదలైంది అసలు ఆట. మూడో క్వార్టరుకు వీళ్లు పదకొండు పాయింట్లు వెనకబడ్డారు. రజిత దూరం నుంచి వేస్తూనే ఉంది. ఆమెను ఎవరు కాయాలో కోచ్‌కు తోచడం లేదు. "గట్టిగ ఆడుండ్రే! గట్టిగ!" అని మాత్రం పదిసార్లు అరిచాడు. ఓటమెరుగని దిమాగులో ఉన్నది ఆ ఒక్క ముక్కే. టైమ్‌అవుట్ అడిగాడు. పిల్లలు చుట్టూ మూగారు. బాలమణి మేడం టేబుల్ దగ్గర నుంచి తొంగి చూస్తోంది.

అర్చన జగ్గు పట్టుకుని వచ్చింది. మహిపాల్ గ్లాసుకు చెయ్యి చాపి, చెవి కూడా వంచాడు. "జల్ది చెప్పు. ఎవరిని తీయాలె?"

"మీకు తెల్వంది నాకేం తెలుస్తది?" అంది, వంగకుండా, అందరికీ వినపడేలా.

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంచి మేడం వైపు చూశాడు. వర్ష ఆయన భుజం పక్క నుంచి చెయ్యి చాచి అర్చన కొంగు పట్టుకుంది. "మాకన్న చెప్పు అక్కా. ఓడితే ఓడ్తం. ఆడి ఓడ్తం."

అర్చన జగ్గును మహిపాల్ ఒక చేతిలో పెట్టింది. గ్లాసుల దొంతర రెండో చేతిలో పెట్టింది.

"పిల్లలు దూపగొన్నరు. జర నీళ్లు పొయ్యుండ్రి," అని, సున్నపు గీత దాటి పిల్లల మధ్యకు వెళ్లింది.