హారతిచ్చాక కదపకూడదు

ప్రత్తిపాడు దాటాక రోడ్డు మీదే ఉండే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో నేను స్టోర్స్ చూస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. అందుకేనేమో, కాగితం మీద రాసిపెడితే పని జరుగుతుందని చాలా రోజులు నమ్మాను.

గడ్డి కోసే మిషన్ల షెడ్డు తలుపు మీద నా చేతిరాతతో ఒక అట్ట ఉండేది. ఇంజను చల్లారాకే లోపల పెట్టాలని, అంతకుముందే ట్యాంకులో పెట్రోలు తీసేయాలని, ప్లగ్గు వైరు పీకకుండా కత్తి జోలికి పోవద్దని, మిషన్‌ని ఎప్పుడూ పక్కకి పడుకోబెట్టవద్దని రాశాను. దాన్ని కూడబలుక్కుని చదివింది గ్రౌండ్ పని చేసే యలమంద బాబాయ్ ఒక్కడే. చదివాక ఏ రోజూ తప్పలేదు. సాయంత్రం కత్తికి అంటుకున్న గడ్డి పుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, పెట్రోలు డబ్బాలోకి వంచి, "చూసుకో మేడమ్మా, చుక్క లేదు," అని పిలిచి మరీ చూపించేవాడు.

నల్లతామర పురుగు వచ్చిన ఏడు కౌలుకి వేసిన మిరప తోట తన చేత్తోనే దున్నేసి, ఇక సేద్యం వద్దని మా దగ్గర చేరాడాయన. దసరా సెలవులవగానే పర్మనెంట్ చేస్తామని మేనేజరు గోపాలకృష్ణ గారు మాటిచ్చారు. "ఆ ఆర్డరు చేతికొస్తే మీ పిన్ని ఇంక పత్తి తీతకి పోవక్కర్లేదు అమ్మాయ్," అని రోజుకోసారి అనేవాడు. పిన్ని అంటే ఆయన భార్య కోటేశ్వరి. మోకాళ్ళు అరిగిపోయి, వంగితే లేవలేదు.

మహర్నవమి నాడు ఆయుధపూజకి మెయింటెనెన్స్ వాళ్ళం మాత్రమే వచ్చాం. నేను వెళ్ళేసరికి బాబాయ్ అయిదు మిషన్లూ కడిగి, పసుపు రాసి, ట్యాంకులు నిండా పెట్రోలు పోసేశాడు.

"ఇదేంటి బాబాయ్, ఖాళీగా కదా ఉండాలి?"

"పండగ నాడు దాని పొట్ట మాడుస్తామా? ఇంట్లో బిందె ఖాళీగా పెడతావా నువ్వు?"

పెద్ద మిషన్‌ని పక్కకి పడుకోబెట్టాడు. కత్తి దాని అడుగున ఉంటుంది మరి. ఎలక్ట్రీషియన్ నతానియేలు పగలబడి నవ్వాడు.

"ఏం మావా, దాన్నట్టా పడుకోబెట్టావ్, నొప్పులొస్తన్నాయా?"

"ఒరేయ్, ఆయుధమంటే కత్తిరా. బొట్టు కత్తికి పెట్టాలా, రేకు మూతకి పెట్టాలా?"

గోపాలకృష్ణ గారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. కర్పూర హారతి అయింది. మిషన్ ముందు ఒత్తి వేసిన దీపం వెలుగుతోంది. నేనూ బాబాయ్ తప్ప అందరూ పులిహోరకి వెళ్ళారు. తలుపేద్దామని వంగితే నాకు పెట్రోలు వాసన తగిలింది. ట్యాంకు మూత దగ్గర తడి మెరుస్తోంది.

"బాబాయ్, కారుతున్నట్టుంది. నిలబెట్టేద్దాం."

"హారతిచ్చాక తెల్లారేదాకా కదపకూడదు అమ్మాయ్. మీ ఇంట్లో కదుపుతారా?"

కదపరు. పూజ చేసిన కొడవలి మా నాన్న తెల్లారేదాకా ముట్టడు. ఆ రోజు గేదెకి పక్కింటివాళ్ళు కోసుకొచ్చిన గడ్డే.

"పోనీ దీపం ఆర్పేస్తే?"

"దీపం దానంతటది కొండెక్కాలి గానీ మనం ఆర్పుతామా! పండగ పూట ఏం మాటలు!"

దీపాన్ని రెండడుగులు అవతలికి జరిపాను. అలా జరిపినందుకు నా బాధ్యత తీరిందనిపించింది కూడా. షెడ్డుకి తాళం వేసి ఉంచాలన్నది కూడా నేను రాసిన మాటే కాబట్టి, తాళం వేసి తాళంచెవి సంచిలో పెట్టుకున్నాను. మూసిన గదిలో పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుందని ట్రైనింగులో చెప్పారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను.

పులిహోర విస్తరి ముందు ఉండగానే 'భుప్పు'మని శబ్దం వచ్చింది. పరుగెత్తాం. తాళం తీసేసరికి లోపల ప్లాస్టిక్ కుర్చీలు కూడా అంటుకున్నాయి. నతానియేలు ఇసుక తెచ్చేలోపు బాబాయ్ లోపలికి దూరాడు. కదపకూడదన్న ఆ మిషన్‌నే హ్యాండిల్ పట్టుకుని బయటికి లాగబోయాడు. ఇద్దరు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేసరికి రెండు అరచేతుల చర్మం ఊడిపోయింది. మిషన్ ఒక్కటీ మిగల్లేదు.

మూడో రోజు గోపాలకృష్ణ గారు నన్ను రిపోర్టు రాయమన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను. వాసన చూశానని, ప్రమాదమని తెలిసే తాళం వేశానని, తప్పు నాది కూడానని రాశాను. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నారు.

"బాగా రాశావమ్మా. ఇందులో నేను కొబ్బరికాయ కొట్టినట్టు కూడా ఉంది. ఇది పైకి వెళ్ళదు. యలమంద తనదే నిర్లక్ష్యమని నిన్ననే కాగితం మీద ఒప్పుకున్నాడు. పని మానేశాడు కూడా."

"చేతులకి కట్లున్నాయి కదండీ, సంతకం ఎలా పెట్టాడు?"

"చదివి వినిపించాం. తలూపాడు. నతానియేలు సాక్షి సంతకం పెట్టాడు."

పైవాళ్ళకి పోస్టులో పంపిద్దామని ఇంకో కాపీ రాశాను. పంపాను కూడా. జవాబు లేదు. నన్ను స్టోర్స్ నుంచి లైబ్రరీకి మార్చారు.

దీపావళి ముందు బాబాయ్ ఇంటికి వెళ్ళాను. పిన్ని లేదు, పత్తి తీతకి వెళ్ళింది. చెంబు రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని నాకు మంచినీళ్ళు తెచ్చాడు. వేళ్ళు ముడుచుకుపోయాయి, ఇక చాపుకోవని డాక్టరు చెప్పాడట.

"ఆ కాగితంలో అబద్ధమేముంది అమ్మాయ్? పోసింది నేనేగా, పడుకోబెట్టింది నేనేగా."

"వాసన చూసింది నేను. గట్టిగా చెప్పాల్సింది."

"చెప్పినా నేను విననుగా!" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

విని ఉండేవాడేమో. ఆ అట్ట చదివింది ఆయన ఒక్కడే. నేను చెప్పలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు.

ఆయనే అడిగాడు: "కొత్త మిషన్లొచ్చినయ్యంటగా. పెట్రోలు తీసేసే పెడతన్నారా?"

వాటిని ఎవరో కాంట్రాక్టు వాళ్ళు చూస్తున్నారు. షెడ్డు తాళంచెవి నా దగ్గర లేదు. కొత్త తలుపు మీద అట్ట లేదు. లోపల ఎలా పెడుతున్నారో నాకు తెలియదు.

"తీసేసే పెడుతున్నారు బాబాయ్," అన్నాను.

"అదే మంచిది," అన్నాడు.