మొక్కల ఉపవాసం

బొమ్మనహళ్ళిలో కదిరమ్మ ఇంటి వాకిట పది కుండీలకు ఉపవాసం పెట్టారు. పెట్టింది కదిరమ్మే. పది రోజుల పాటు చుక్క నీళ్ళు పోయకూడదు. తట్టుకున్న వాటికే ఇక ఆ ఇంట్లో చోటు.

ఆవిడ పంతానికి కారణం ఉంది. నిరుడు మదనపల్లెలో పెద్దక్క కుడికంటికి ఆపరేషన్ అయితే, నెల రోజులు దగ్గరుండి మందు చుక్కలు వేస్తానని వెళ్ళిన మనిషి మూడో రోజుకే తిరిగొచ్చేసింది. రోజాలు వాడిపోతున్నాయని భర్త వెంకటరమణప్ప ఫోను చేశాడు మరి. నీళ్ళు పొయ్యవయ్యా అంటే ట్యాంకరు రాలేదన్నాడు. అక్కడ పెద్దక్క తన మందు తనే వేసుకుంది, సగం కంట్లో, సగం చెంప మీద. అక్క ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది గానీ కదిరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఎడమకన్ను వంతు. ఈసారీ మొక్కల కోసం పరుగెత్తుకొస్తే అక్క మొహం ఎలా చూడాలి?

అందుకే రోజాలన్నీ చందాపురలో ఉండే మేనకోడలు అంబికకు ఇచ్చేసింది. వాళ్ళ బోరులో ఇంకా నీళ్ళున్నాయి. ఇచ్చేటప్పుడు ఏడ్చింది కూడా. కళ్ళు తుడుచుకుని పరీక్ష మొదలుపెట్టింది.

ఆరో రోజుకు నందివర్ధనం తల వేలాడేసింది. ఎనిమిదో రోజు కూడా బిళ్ళగన్నేరు కళకళలాడుతుంటే అనుమానమొచ్చి మట్టిలో వేలు పెట్టింది. తడి! గోడవతల ఉండే ఫర్హానాను పిలిచింది.

"ఏమ్మా, నువ్వు గాని నీళ్ళు పోసినావా?"

"సారీ ఆంటీ, పాపం డల్‌గా కనిపించింది. ఒక్క గ్లాసే, ప్రామిస్."

"పరీక్షలో చీటీ అందిచ్చినట్లుండాది నీ యవ్వారం. పో, దీన్ని నువ్వే పెట్టుకో."

చివరికి కలబంద, రణపాల, ఎడారి గులాబీ నెగ్గాయి. గేటు పక్కన నేలలో ఒక కాగితంపువ్వు తీగ ఉంది. మూడేళ్ళుగా రోజూ బకెట్టు నీళ్ళు తాగి, ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదు. నీళ్ళు మానేసినా ఎండలేదు కాబట్టి దాన్నీ ఉండనిచ్చింది. నెగ్గినవాటిని కుండీల్లోంచి తీసి దాని పక్కనే నేలలో నాటి, మొదళ్ళ చుట్టూ కొబ్బరిపీచు పరిచి, అవి వేళ్ళూనుకున్నాక బస్సెక్కింది. భయం మాత్రం వెంటే వచ్చింది.

ఆపరేషనైన పదకొండో రోజు ఫర్హానా ఫోను చేసింది.

"ఆంటీ, వారం నుంచి ట్యాంకర్ రాలేదు..."

కదిరమ్మ చేతిలో మందు సీసా, ఎదురుగా తల వెనక్కి వాల్చి కూర్చున్న అక్క.

"అన్నీ పోయినాయా?"

"ముందు వీడియో ఆన్ చేయండి!"

తెర నిండా ఎరుపు. కాగితంపువ్వు గేటు కప్పేసేంతగా విరగబూసింది. కింద కలబంద నిక్షేపంగా ఉంది.

"నీళ్ళు ఎక్కువైతే అది ఆకులే వేస్తుందంట ఆంటీ. మీరే రోజూ పోసి పోసి పూయనివ్వలేదు!"

కదిరమ్మకు రోషం వచ్చింది. మూడేళ్ళు సాకింది తను, అది పూసింది తను లేనప్పుడు. ఆ వెంటే నవ్వొచ్చింది. ఏడాదిగా గుండె మీద ఉన్న బరువు ఆ నవ్వుతో దిగిపోయింది. తను లేకపోయినా బతుకుతాయి. హమ్మయ్య!

పెద్దక్క అలాగే కూర్చుని అడిగింది. "ఏమే, రేప్పొద్దున బస్సుకు పోతావా? పొయ్యేటట్లుంటే చెప్పు, నేనే ఏసుకుంటాలే."

"యాడికి పోయేది? ఇంగా పంతొమ్మిది దినాలుండాది మందు. కదలాకుండా పైకి చూడు."

చుక్క సరిగ్గా కంట్లో పడింది.