మంచుకొండ మీద సవతి

నేను ఒక వెదురు చేతికర్రను. చోడవరం దగ్గర ఒక మేదరి ఇంట్లో నాకు సెగ చూపించి, వంపు తీసి, ఆముదం పట్టించి నున్నగా చేశారు. పన్నెండేళ్ళ కిందట, సింహాచలం గిరి ప్రదక్షిణకు ముందురోజు, వరహాలమ్మ నన్ను కొనుక్కుంది. అంతకుముందు పది కర్రల్ని నేలమీద పొడిచి చూసి పెదవి విరిచిందావిడ. నన్ను మాత్రం ఒకసారి పట్టుకుని ఇక వదల్లేదు. గొప్పలు చెబుతున్నాననుకుంటే అనుకోండి.

ఏటా ఆషాఢంలో ఆవిడ ఆ కొండ చుట్టూ ఒట్టికాళ్ళతో నడిచేది, పక్కన నేను. మిగతా రోజుల్లో తలుపు మూల నిలబడేదాన్ని. ఎవరైనా నన్ను ముట్టుకుంటే ఆవిడకి కోపం. అంతకంటే ఏం కావాలి?

ఈ ఫాల్గుణంలో మేనకోడలు కుసుమ ఆవిడచేత హిమాలయాల్లో ఒక శివాలయానికి ప్రయాణం కట్టించింది. దారంతా ఇంకా మంచేనట. ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వస్తూ వస్తూ ఒక అల్యూమినియం కర్ర తెచ్చింది. లాగితే పొడుగు, నొక్కితే పొట్టి. కింద ఉక్కు ములుకు, పైన తోలు పట్టీ. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! వరహాలమ్మ దాన్ని పదిసార్లు సాగదీసి, ముడిచి, చిన్నపిల్లలా నవ్వింది. నన్ను చూసి అలా ఎప్పుడూ నవ్వలేదు. అయినా నన్ను వదల్లేక సంచికి కట్టి తీసుకెళ్ళింది, అదీ తలకిందులుగా.

కొండదారిలో మంచు పైన కరిగి, అడుగున గాజులా గట్టిపడి ఉంది. నా సవతి అడుగడుగునా కరుక్కుమని దిగేది. నేను సంచి మీద వేలాడుతూ కుళ్ళుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది జారాలని మొక్కుకున్నాను. ఆవిడ పడాలని కాదు, దాని మీద నమ్మకం పోవాలని. అది జారలేదు.

గుడి నూరడుగుల దూరం ఉందనగా వరహాలమ్మ బూట్లు విప్పేసింది.

"అత్తా, మంచు! సాక్సులైనా ఉంచుకో," అంది కుసుమ.

"గిరి చుట్టూ ఒట్టికాళ్ళతో తిరిగినదాన్ని. దేవుడికాడికి జోళ్ళేసుకుని ఎల్తానేటే?"

తోలు ఉందని ఆ కొత్తదాన్ని కూడా బూట్ల పక్కన పడుకోబెట్టి, నన్ను విప్పింది. అప్పుడు నా పొగరు చూడాల్సింది! దాని ముందు నుంచే టకటకలాడుతూ వెళ్ళాను.

ఇరవై అడుగులైనా వెయ్యలేదు, నున్నటి నా మొన సర్రున జారింది. ఆవిడ మోకాళ్ళ మీద పడింది. లేవబోయి మళ్ళీ పడింది. నాకు ఎక్కడా పట్టు దొరకలేదు. కుసుమ వెనక్కి పరుగెత్తి దాన్ని తెచ్చింది. తోలుతో సహా అది గుడి గడప దాకా వెళ్ళింది. నేను పడినచోటే పడి ఉండి గంట మోగడం విన్నాను. సిగ్గుకంటే ఓర్వలేనితనమే ఎక్కువైంది, అబద్ధమెందుకు.

తిరిగొస్తూ కుసుమ నన్ను ఏరుకుంది. దిగువన టీ కొట్టు చేరేసరికి వరహాలమ్మ మొహం పాలిపోయింది.

"కాలేళ్ళు తెలీడం నేదే కుసుమా. గిల్లినా తెలీడం నేదు."

పొయ్యిలో తడి కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. టీ కాచే ముసలమ్మ ఊదీ ఊదీ దగ్గుతోంది. కుసుమ ఏడుపు ఆపుకుంటూ ఆ పాదాలు రుద్దుతోంది. వరహాలమ్మ నా వైపు చూసింది.

"దీన్ని ఇరగ్గొట్టే."

"నీ కర్ర, అత్తా!"

"కర్రే కదే. పన్నెండేళ్ళు ఎండిన ఎదురు, బాగా మండుతాది."

ఇచ్చే ముందు నన్నొకసారి నిమిరింది. అయినా ఆ 'కర్రే కదే' అన్న మాట, విరిగినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మూడు ముక్కలుగా పొయ్యిలో ఉన్నాను. రెండు కణుపులు ఇప్పటికే టప్పున పేలాయి. ఆవిడ పాదాలు రెండూ నా వైపే చాచి ఉన్నాయి. ఇందాకే బొటనవేలు కదిలింది. "తెలుస్తందే, తెలుస్తంది!" అంటూ ఆవిడ ఏడుస్తోంది.

సవతి గోడకి ఆనుకుని తళతళలాడుతోంది. దిగేటప్పుడు ఆ చెయ్యి దానిదే, నాకు తెలుసు. అయినా చూడవే, కళ్ళు పెద్దవి చేసుకుని చూడు. ఈ పని నీవల్ల కాదు.