తలుపు తట్టే మనిషి

ముందు వెళ్తున్న ఫైరింజను మళ్లీ ఆగింది. దాని వెనక టాపు లేని ఎర్రకారూ ఆగింది. వెనక సీటు అంచు మీద ఎత్తుగా కూర్చోబెట్టిన ఆర్లీన్ కోవాచ్ ముందుకు తూలి, డ్రైవరు భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. ఎనభై రెండేళ్ల మనిషిని జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం ఎండలో ఇలా కొలువు బొమ్మలా ఊరేగించడాన్ని ఆ ఊళ్లో గౌరవం అంటారు. ఏడాదికి ఒక్కరికే దక్కుతుంది. భుజం మీంచి వేలాడే పట్టు పట్టీ మీద 'యాభై ఏళ్ల సేవ' అని బంగారు రంగు అక్షరాలు. చెమటకి అది మెడకి అంటుకుపోయింది.

"చెయ్యూపు పిన్నీ, అందరూ నిన్నే చూస్తున్నారు," అన్నాడు కారు నడుపుతున్న డెన్నిస్. జిల్లా లాంటి ఆ కౌంటీకి కమిషనరు. ఆమెతో పాటు రోడ్ల శాఖలో పనిచేసిన స్నేహితురాలి కొడుకు.

"ఊపుతూనే ఉన్నాగా. ఊడి కింద పడేదాకా ఊపమంటావా?"

చెయ్యి ఊగుతూనే ఉంది. అది తనది కాదనిపించింది ఆమెకి. ముప్పయ్యేళ్లు ఆ చెయ్యి కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపింది. రిటైరయ్యాక ఇరవయ్యేళ్లు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకి మధ్యాహ్నం వేడి భోజనం మోసింది. పళ్లెం గుమ్మంలో పెట్టి వచ్చేయకూడదు. తలుపు తెరుచుకోవాలి, మొహం కనబడాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆమె నేర్పే మొదటి పని అదే. తొంభైకి దగ్గరపడ్డ క్లైడ్ అయితే తలుపు సగమే తీసి, "ఇంకా చావలేదు, రేపు రా" అనేవాడు. "రేపూ చావకపోతే చూడు" అనేది ఆమె. ఇద్దరికీ రోజు అక్కడ మొదలయ్యేది.

జూన్‌లో కౌంటీ ఆ భోజనాలు వండే వంటగది మూసేసింది. వంటమనిషికి జీతం దండగట. రెండు వారాలకోసారి వ్యానువాడు గడ్డకట్టిన భోజనాల పెట్టె దింపి పోతాడు. అది తేల్చిన కౌంటీ మీటింగులో ఆమె అడగాలనే లేచి నిలబడింది. నోరు తెరిచేలోపల డెన్నిస్ ఈ ఏటి గౌరవం ఆమెకేనని ప్రకటించాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కింద మాట మునిగిపోయింది. ఇంటికొచ్చి మూడు వారాలు అలిగి కూర్చుంది, ఎవరి మీదో తనకే తెలియకుండా.

"వంటగది ఎవరికిచ్చావురా?"

"పెళ్లి భోజనాలవాళ్లకి అద్దెకి. ఇవాళ వదిలేయ్ పిన్నీ. తిండేం ఆగలేదుగా, పెట్టెలో వస్తోంది."

"మరి తలుపెవరు కొడతారు?"

"ఫోన్లున్నాయిగా."

"క్లైడ్ ఫోనెత్తడు. చేసేదంతా అమ్ముకునేవాళ్లేనంటాడు."

"అయితే తప్పు ఆయనది, నాది కాదు," అని నవ్వి, పిల్లల మీదకి గుప్పెడు చాక్లెట్లు విసిరాడు డెన్నిస్.

కారు క్లైడ్ ఉండే వీధిలోకి తిరిగింది. ఊరేగింపుకి కొన్ని రోజుల ముందే కాలిబాట పక్కన కుర్చీ వేసుకుంటే ఆ చోటు వాళ్లదే. ఎవరూ ముట్టుకోరు. మేపుల్ చెట్టు నీడ పోకుండా క్లైడ్ అందరికంటే ముందు వేస్తాడు. బుధవారం ఆమె కారులో పోతుంటే కుర్చీ మడత విప్పుతూ కనబడ్డాడు. "శనివారం నీకు చప్పట్లు కొట్టను, ఈలేస్తా!" అని అరిచాడు. ఆమె కారు ఆపలేదు.

ఆకుపచ్చ పట్టీల కుర్చీ అక్కడే ఉంది. చుట్టూ జనం కిక్కిరిసి, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎండలో నిలబడ్డారు. ఆ నీడలోని కుర్చీ మాత్రం ఖాళీ.

"క్లైడ్ ఏడీ?" అని అరిచింది.

"రాలేదండీ ఇంకా," అంది పక్కింటావిడ, తమ మర్యాదకి కాస్త గర్వపడుతూ. "ఆయన చోటు కదా, పొద్దున్నుంచి ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

ఆర్లీన్ చూపు కుర్చీ దాటి క్లైడ్ ఇంటి వరండా మీద పడింది. గుమ్మం ముందు పెట్టె. రెండ్రోజుల కిందట, గురువారం వ్యాను దింపినది. లోపలి గడ్డ కరిగి అట్ట నాని, ఒక పక్కకి కూలి, దాని కింద నల్లటి మరక మెట్టు దాకా పాకింది.

"కారాపు."

"ఇక్కడా? వెనక బ్యాండు వస్తోంది పిన్నీ. చివరిదాకా వెళ్లాక నేనే ఎవరినైనా పంపి..."

ఆమె అప్పటికే ఒక కాలు కారు అంచు మీంచి ఇవతలికి వేసింది. డెన్నిస్ బ్రేకు తొక్కాడు. వెనక డప్పులు ఒకదాని మీద ఒకటి తడబడి ఆగిపోయాయి. ఎవరో చెయ్యందించారు. దిగింది. పట్టీ మోకాళ్లకి అడ్డుపడుతుంటే గుప్పిట్లో పోగుచేసి పట్టుకుని గడ్డిలోంచి నడిచింది. గౌరవం అందుకున్న మనిషి ఏదో సరదా చేస్తోందనుకుని కొందరు చప్పట్లు మొదలుపెట్టారు.

పెట్టెని కాలితో పక్కకి తోసి తలుపు తట్టింది.

"క్లైడ్! నేను. తిట్టిపోదామని వచ్చా."

చప్పట్లు ఆగిపోయాయి.

"పిన్నీ, కారెక్కు," రోడ్డు మీంచి డెన్నిస్ గొంతు, నవ్వు పోయి. "ఊరంతా ఆగిపోయింది."

"ఎక్కను," అంది వెనక్కి తిరక్కుండానే. "ఆగనీ."

తలుపుకి చెవి ఆనించింది. మళ్లీ తట్టింది.