యాదవ్వ గడప ముందరి రాళ్లు

పరమేశ్‌కు ఫోన్లో ‘కాదు’ అనడం రాదు. మనిషి ఎదురుగా ఉంటే అసలే రాదు. యాభై రెండేళ్లు వచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల వాకిళ్లలో పేవర్ బ్లాకులు, అంటే అచ్చు పోసిన సిమెంటు రాళ్లు, పరిచి పరిచి మోకాళ్లు అరిగాయి. పొద్దున లేచాక నడుము నిటారు కావడానికే అరగంట పడుతోంది. అయినా సరే, మేడ్చల్ నుంచి జనార్ధన్ ఫోన్ చేసి “జల్ది రా” అనగానే శామీర్‌పేట్‌లో కంచం ముందు నుంచి లేచాడు.

“తిని పో. వాళ్ల ఇల్లు యాడికన్న ఉరుకుతదా?” అంది భార్య యాదవ్వ.

“ఆదివారం జనార్ధన్ పటేలు బిడ్డ ఇషితమ్మ నిశ్చితార్థమట. గేటు కాడ రాళ్లు పగిలినయట. పటేలు పరేషాన్ అయితున్నడు.”

“ఆయన పరేషాన్‌కు నీ బువ్వ ఏం జేసింది?”

పరమేశ్ మోపెడ్ స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

జనార్ధన్ ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా ఎర్రటి జిగ్‌జాగ్ రాళ్ల దారి పన్నెండేళ్ల కింద పరమేశ్ వేసిందే. అప్పుడు అడుగున్నర లోతు తవ్వి, మొరం పోసి తొక్కించి, దాని మీద కంకర, ఆ పైన రాతి పొడి పరుస్తుంటే, “రాళ్లెయ్యమంటె బాయి తవ్వుతున్నవేందిరా?” అని జనార్ధన్ పది రోజులూ ఎగతాళి చేశాడు. ఆ తర్వాత ఇసుక లారీలు తిరిగాయి, ఎన్నికలప్పుడు జీపులు తిరిగాయి, ఎన్ని వానలు పడ్డా ఒక్క రాయి కుంగలేదు. ఎదురింటివాళ్లు సిమెంటు వాకిలిని రెండుసార్లు పగలగొట్టి పోసుకున్నారు. ఇప్పుడు జనార్ధన్ వచ్చినవాళ్లందరికీ ఆ దారి చూపించి, ఆ అడుగున్నర లోతు తన ఆలోచనే అన్నట్టు చెబుతాడు. పరమేశ్ ఏమీ అనడు. ఆ గేటు చూసే తనకు సగం పనులు వస్తున్నాయి.

ప్రతి ఇంటివాళ్లకూ పరమేశ్ ఒకటే పాఠం చెబుతాడు. రాళ్ల కింద సిమెంటు పొయ్యొద్దు. పొడి మీదే కూర్చోబెట్టాలి. రేపు పైపు పగిలినా, కేబుల్ వెయ్యాలన్నా రాయి రాయి తీసుకుని మళ్లీ పెట్టుకోవచ్చు. సిమెంటు పోస్తే పగలగొట్టడం తప్ప దారి లేదు. సిమెంటు పోసే మేస్త్రీలను అతను పనిదొంగలంటాడు. ఈ పాఠం యాదవ్వకు కూడా నోటికొచ్చు.

గేటు దగ్గరికి వెళ్లి చూస్తే, అడ్డంగా తవ్విన గుంత, పక్కన ముక్కల కుప్ప. నీళ్ల పైపు లీకైతే, పరమేశ్‌ను పిలవకుండా ప్లంబర్ డ్రిల్లింగ్ మిషన్ పెట్టి పగలగొట్టాడు. అరవై రాళ్లు పోయాయి. పరమేశ్ ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“గీ రంగు యాడ దొర్కుతది?” అన్నాడు జనార్ధన్.

“యాడ దొర్కది పటేలా. గా ఫ్యాక్టరీ మూసి ఏడేండ్లయింది.”

“మరి అప్పుడు మిగిలినయని ఇంటెనక పేర్చినవు గద. అవేవి?”

అప్పట్లో మిగిలిన రాళ్లను దాచుకోమని పరమేశే చెప్పాడు. నెల తిరక్కుండానే ఆ కుప్పలోంచి తేలు వచ్చిందని, “నాకొద్దు, తీస్కపో” అని జనార్ధన్ కేకలేశాడు. పరమేశ్ వాటిని తీసుకుపోయి తన ఇంటి గడప ముందు పరిచాడు. యాదవ్వ చెరువు చేపలు అమ్ముతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆ గడప ముందరి బురదలో కూర్చునే చేపలు తోమేది. వానాకాలమంతా ఆమె మడిమలు పగిలి, వేళ్ల సందులు పాసిపోయి, రాత్రి పసుపు పెట్టుకుని మూలిగేది. ఆ రాళ్లు పరిచాక అది ఆగింది. ఇన్నేళ్ల కాపురంలో భార్య కోసం పరమేశ్ తన చేతులతో చేసిన పని అదొక్కటే.

“ఎనక వంటింటి దిక్కు రాళ్లు తీసి గేటు కాడ వేస్త పటేలా. గవి గూడ గీ రంగే. ఎనకకు కొత్తయి తెచ్చుకుందం,” అన్నాడు.

“బంతి ఎనకనే గద! చుట్టాలంత ఆడ తింటుంటె రెండు రంగులేంది? నా రాళ్లు నీ దగ్గర ఉన్నయి గద, పట్కరా.”

‘తీస్కపొమ్మన్నది నువ్వే గద’ అనాలి. ‘అవి ఇప్పుడు నా పెండ్లామువి’ అనాలి. పరమేశ్ “సరే పటేలా” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి యాదవ్వ ఆ రాళ్ల మీదే కూర్చుని బొచ్చె చేప పొలుసు తీస్తోంది. చెప్పడానికి అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడోసారి చెప్పేశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

“ఎప్పుడు తీస్తవ్?” అంది అంతే.

మర్నాడు పొద్దున చేపల గంప పక్కన పెట్టి, ఆమే బ్రష్షూ సబ్బూ తెచ్చి ఒక్కో రాయీ తోమింది. వాళ్ల ఇంట్లో వాసన రావద్దని. అంచు రాయి లేపగానే మిగతావి సులువుగా, ఒక్కటి కూడా విరగకుండా పైకి వచ్చాయి. తన పని అంత సులువుగా ఊడి వస్తున్నందుకు పరమేశ్‌కు మొదటిసారి కోపం వచ్చింది.

ట్రాలీ ఆటోలో మేడ్చల్ తీసుకుపోయి, గుంత పూడ్చి తొక్కించి, మధ్యాహ్నానికి రాళ్లు పరిచాడు. లేచి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఒకే రోజు, ఒకే అచ్చులో పోసిన రాళ్లు. జనార్ధన్‌వి ఎండకు వెలిసి లేత ఎరుపుకు తిరిగాయి. యాదవ్వవి నీళ్లూ నెత్తురూ సబ్బూ తాగి నల్లబడ్డాయి. గేటు ముందు అడ్డంగా నల్లటి పట్టీ కనబడుతోంది.

“గిదేందిరా!” అన్నాడు జనార్ధన్. “ఇంతకన్న గుంతనే నయముండె.”

“నేను మొదలే చెప్పిన గద పటేలా. ఎనకవి ముందట వేస్త.”

“గట్లనే జెయ్యి ఇగ. గీ నల్లయి ఎనక వేసెయ్యి.”

పరమేశ్ నోరు తెరిచాడు. ఈసారి మాటలు సిద్ధంగా ఉన్నాయి. ‘వద్దు పటేలా, ఇవి నా ఇంటివి, నేను తీస్కపోత.’ నాలుక దాకా వచ్చాయి కూడా. అంతలో జనార్ధన్ భార్య బాలమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“ఏంది గీ నీసు వాసన? నా వంటింటెనక ఇవి వేస్తరా? అదీ నిశ్చితార్థం నాడు? ముందుగల తీస్కపొమ్మను. కొత్తయి తెప్పియ్యి.”

“ఇన్నవు గద. తీస్కపో,” అన్నాడు జనార్ధన్.

పరమేశ్ నోరు మూసుకున్నాడు. యాదవ్వ అంత తోమినా పోని వాసన అతను చెయ్యలేని పని చేసింది. అతనికి సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. రెంటిలో సిగ్గే ఎక్కువసేపు ఉంది.

మరో రెండు రోజులు వంగే ఉన్నాడు. వెనకవి తెచ్చి గేటు దగ్గర వేశాడు. వెనక కొత్త రాళ్లు వేశాడు. గేటు దగ్గర అతుకు ఎక్కడుందో పరమేశ్‌కే కనిపించలేదు. “నువ్వు జేస్తె పని మస్తుంటది,” అని జనార్ధన్ భుజం తట్టాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చేవాడు.

శనివారం సాయంత్రం ట్రాలీలో రాళ్లతో ఇల్లు చేరాడు. ముందురోజు వాన పడి గడప ముందు చిత్తడిగా ఉంది. యాదవ్వ పీట వేసుకుని బురదలో కూర్చుని కొర్రమీను తోముతోంది. పాదాలు చీలమండల దాకా మునిగి ఉన్నాయి. పరమేశ్ రాళ్లు దించి, వరుస తప్పకుండా పరచడానికి దారం కట్టబోయాడు.

“ఎందుకు వేస్తున్నవ్?”

“నీకే.”

“నాకొద్దు. నాకు మట్టే నయం. మట్టినైతే ఎవ్వలు అడుగరు.” ఆమె గొంతులో కోపం కూడా లేదు. “గివి వేసినవంటె మళ్ల ఎవలో ఒకలు ఫోన్ జేస్తరు. నువ్వు సరే అంటవ్. నేను మళ్ల కూసోని తోముత.”

ఈసారి ‘సరే’ అననని చెబుదామనుకున్నాడు. ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. ఆమెకు ఎట్లా నమ్మబుద్ధి అవుతుంది? దారం పక్కన పడేసి, మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ కట్టిస్తున్న పక్కింటి కుర్మయ్య దగ్గరికి వెళ్లి, సగం బస్తా సిమెంటు అడిగి భుజాన వేసుకుని వచ్చాడు.

బురద గీకి తీసి, గట్టి నేల దాకా తవ్వాడు. ఇనుప గమేళాలో ఇసుకా సిమెంటూ పొడిగా కలపడం మొదలుపెట్టాడు. యాదవ్వ చేతిలో కత్తి ఆగింది.

“ఏందయ్యా, రాళ్ల కింద సిమెంటా? నువ్వేనా?”

“నేనే.”

“మరి రేపెవలన్న అడుగుతె ఎట్ల తీస్తవ్?”

“తియ్యరాదు ఇగ. పగలగొట్టాలె.”

ఆమె అతని మొహంలోకి చూసింది. కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. బకెట్ నిండా నీళ్లు తెచ్చి, అతను ఆపమనేదాకా గమేళాలో పోసింది.